టికెట్ రీసేల్ గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో టికెట్ రీసేల్ గురించి, అంటే ఒకరు కొన్న టికెట్‌ను ఇంకొకరికి తిరిగి అమ్మడం గురించి, ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. పెద్ద కాన్సర్ట్ ప్రకటించినా, ఐపీఎల్ మొదలైనా మళ్ళీ పైకొస్తుంది. అందులో ఉన్నది ఇది: “టికెట్లు అయిపోయాయని బాధపడకండి. గూగుల్‌లో మొదట వచ్చే రీసేల్ సైట్‌లో కొనేయండి, నూరు శాతం గ్యారంటీ. ఫీజు ఎక్కువనిపిస్తే గ్రూపుల్లో కొనండి, ఆధార్ ఫోటో అడిగి తీసుకుంటే చాలు. వెళ్ళలేకపోతే మీ టికెట్ మీ ఇష్టం, ఎంతకైనా అమ్ముకోవచ్చు.”

మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. నాకు పంపినవాళ్ళలో మా ఆఫీసువాళ్ళు, మా అపార్ట్‌మెంట్‌వాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పే. మా అక్క కొడుకు విషయంలో దాని ఫలితం దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

“గూగుల్‌లో మొదట వచ్చే సైట్”

మొదట వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. డబ్బు కట్టినవాళ్ళు పైన కనబడతారు, అంతే. టికెట్ అమ్మే హక్కు ఎవరికి ఉందన్నది గూగుల్ చూసి చెప్పదు. 2020లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు వయాగోగో అనే రీసేల్ సైట్‌కు 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. గూగుల్ ప్రకటనల్లో తనను ‘అఫీషియల్’ అని చెప్పుకోవడం, టికెట్లు అయిపోవస్తున్నాయని తొందరపెట్టడం, 27.6 శాతం బుకింగ్ ఫీజును సరిగా చూపించకపోవడం ఆ కేసులో తేలిన తప్పులు. మనకూ ఇది కొత్తేమీ కాదు. 2024 సెప్టెంబరులో బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబై షోలకు బుక్‌మైషోలో టికెట్లు పెట్టినప్పుడు అసలు ధరలు 2,500 నుంచి 35,000 రూపాయల దాకా ఉన్నాయి. అవే టికెట్లు రీసేల్ సైట్లలో లక్షల్లో కనిపించాయి. వయాగోగోతో, గిగ్స్‌బర్గ్ అనే మరో రీసేల్ సైట్‌తో తమకు ఏ సంబంధమూ లేదని బుక్‌మైషో అప్పట్లో బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి వెతకడం గూగుల్‌లో మొదలుపెట్టకండి. కళాకారుడి పేజీలోనో జట్టు పేజీలోనో మొదలుపెట్టండి. ఎవరు అమ్ముతారన్నది షోను బట్టి మారుతుంది. అదే ఏడాది పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ టూర్ టికెట్లు జొమాటోలో అమ్మారు. ఆర్సీబీ మ్యాచ్ టికెట్లు ఆ జట్టు సొంత వెబ్‌సైట్‌లోనే అమ్ముతుంది. అక్కడి లింకు ఎక్కడికి తీసుకెళ్తే అదే అసలు దుకాణం.

“నూరు శాతం గ్యారంటీ”

అందరూ మోసపోయేది ఈ మాట దగ్గరే. మా అక్క కొడుకు అనంతపురం నుంచి పొద్దున బస్సుకు వచ్చాడు. ఊరి శివారు మైదానంలో సాయంత్రం కాన్సర్ట్. ఒక్కోటి 4,000 రూపాయల టికెట్‌ను ఒక రీసేల్ సైట్‌లో 9,500కు కొన్నాడు. రెండు టికెట్లకు ఫీజులన్నీ కలిపి 23,200 అయింది. నాకు వాడు చెప్పింది కొన్నాకే. గేటు దగ్గర నీలం టీషర్టు వేసుకున్న కుర్రాడు మిషన్ పెట్టి స్కాన్ చేశాడు. ఎర్రలైటు వెలిగి, బీప్ అని ఆగకుండా మోగింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే. స్క్రీన్ మా వైపు తిప్పి చూపించాడు. ఆ టికెట్ మీద 5:12కే ఎవరో లోపలికి వెళ్ళిపోయారు. మేము నిలబడింది ఆరు గంటలకు. వెనక క్యూలో జనం తోస్తున్నారు. “సైడ్‌గె బన్ని సార్” అంటూ మమ్మల్ని పక్కకు జరిపాడు.

సైట్ చాట్‌లో అడిగితే, లోపలికి పంపలేదని నిర్వాహకులతో రాయించుకుని తెమ్మన్నారు. గేటు కుర్రాడు ఎలా రాసిస్తాడు? నేను ఎందుకో ఆ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను, చివరికి అదే పనికొచ్చింది. ఏడు వారాలకు డబ్బు వచ్చింది. మొత్తం వచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆ సాయంత్రం మేమిద్దరం కంచె బయట నిలబడి మొదటి పాట విన్నప్పుడు వాడు అన్న మాట నేను మరిచిపోలేను: “దుడ్లు వస్తాయిలే మామా, ఇది మళ్ళీ రాదు గదా.”

గ్యారంటీ అంటే డబ్బుకు గ్యారంటీ. లోపలికి పోవడానికి కాదు. ఎందుకంటే టికెట్ అనేది మన ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్ కాదు. నిర్వాహకుల కంప్యూటర్‌లో ఉన్న ఒక పద్దు. మిషన్ చదివేది ఆ పద్దునే. పీడీఎఫ్‌ను నలుగురికి అమ్మవచ్చు, కానీ పద్దు మీద మొదట వెళ్ళినవాడే లోపలికి వెళ్తాడు. కొందరైతే చేతిలో లేని టికెట్‌ను కూడా ముందే అమ్మకానికి పెట్టి, తర్వాత దొరికితే తెచ్చి ఇస్తారు. అందుకే ఏ సైట్ ఎంచుకోవాలన్నా నేను అడిగేది ఒక్కటే: నేను డబ్బు కట్టాక ఆ పద్దులో పేరు మారుతుందా? పాత కోడ్ రద్దయి నా పేరు మీద కొత్త కోడ్ వస్తుందా? టికెట్ అమ్మిన యాప్‌లోనే బదిలీ గానీ రీసేల్ గానీ ఉంటే మారుతుంది. బయటి సైట్ ఏదైనా అమ్మేవాడు పంపిన ఫైల్‌నే మనకు అందిస్తుంటే, పద్దులో ఏమీ మారలేదన్నమాట.

షో రద్దయినా ఇదే సమస్య. 2025 మే 17న చిన్నస్వామి స్టేడియంలో ఆర్సీబీ, కోల్‌కతా మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండా వానకు కొట్టుకుపోయింది. డిజిటల్ టికెట్ల డబ్బు బుక్ చేసిన అకౌంట్‌కే తిరిగి వేస్తామని ఆర్సీబీ ప్రకటించింది. అంటే మూడు రెట్లు పెట్టి చేతులు మారిన టికెట్ కొన్నవాడు తడుస్తూ ఇంటికి పోతాడు, అసలు ధర మాత్రం అమ్మినవాడి అకౌంట్‌లో పడుతుంది. 2023 సెప్టెంబరు 10న చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఏఆర్ రహమాన్ కచేరీకి సరైన టికెట్లు ఉన్నవాళ్ళు కూడా వేలల్లో గేటు బయటే ఆగిపోయారు. ఆ తర్వాత టికెట్ కాపీ పంపమని రహమాన్ అడిగారు, డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు జరిగింది. నేరుగా కొన్నవాళ్ళకు అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. మూడో చేతి నుంచి కొన్నవాళ్ళు ఎవరిని అడగాలి?

“ఫీజు ఎక్కువైతే గ్రూపుల్లో కొనండి”

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆధార్ ఫోటో పంపినవాడిదే అన్న నమ్మకం లేదు, టికెట్ స్క్రీన్‌షాట్ ఎంతమందికి వెళ్ళిందో తెలియదు. 2024 అక్టోబరులో ఈడీ కోల్డ్‌ప్లే, దిల్జీత్ కాన్సర్ట్‌ల బ్లాక్ టికెట్ల మీద బెంగళూరుతో సహా ఐదు నగరాల్లో సోదాలు చేసింది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, టెలిగ్రామ్‌లలో నకిలీ టికెట్లు అమ్మేవాళ్ళు బయటపడ్డారని చెప్పింది. తెలియని మనిషికి యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి తిప్పించడం) అడగవచ్చు. ఇంకొకటి, మీరు అమ్మేవైపు ఉంటే, “డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.

ఫీజు విషయం మాత్రం నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే దానికి మందు గ్రూపులు కాదు. మొదట 9,500 చూపించి, చివరి పేజీలో వేలు కలపడాన్ని, ‘ఇంకా రెండే ఉన్నాయి’ అని అబద్ధం చెప్పి టెన్షన్ పెట్టడాన్ని 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళను బుట్టలో వేసే వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు మన దేశంలో తప్పుగానే చూస్తాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం సైట్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇక్కడి కొనుగోలుదారులకు పనిగట్టుకుని అమ్మే విదేశీ సైట్లకూ ఇవి వర్తిస్తాయి. అందుకే నేను కొనే ముందు సైట్ అడుగున ఆ అధికారి పేరు, మన దేశం ఫోన్ నంబర్ ఉన్నాయా అని చూస్తాను. లేకపోతే అక్కడితో ఆపేస్తాను. ఉన్నా పలకకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడా తేలకపోతే మనం ఉండే ఊరి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మనం చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

“మీ టికెట్ మీ ఇష్టం”

కాదు. అనుమతి లేకుండా తిరిగి అమ్మితే రద్దు చేస్తామని చాలా టికెట్ల షరతుల్లోనే రాసి ఉంటుంది. ఐపీఎల్ టికెట్లు బ్లాక్‌లో అమ్మినవాళ్ళను బెంగళూరు సీసీబీ (సెంట్రల్ క్రైమ్ బ్రాంచ్) పోలీసులు పలుసార్లు అరెస్టు చేశారు కూడా. పైగా నాలుగు టికెట్లు కావాలని కొని రెండు పెట్టుబడిగా దాచుకునేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. వాళ్ళతో నేను గొడవపడతాను. కదిరి నుంచో చిత్తూరు నుంచో వచ్చే ఒక పిల్లవాడికి అసలు ధరకు దొరకాల్సిన సీటు అది.

నిజంగానే వెళ్ళలేని పరిస్థితి అందరికీ వస్తుంది. పోయిన నెల నాకే వచ్చింది. ఇంట్లో అమ్మకు జ్వరం. నా టికెట్ కొన్న యాప్‌లోనే ఆ షోకు బదిలీ చేసే వీలుంది (అన్ని షోలకూ ఉండదు, కొనేటప్పుడే చూసుకోవాలి). మూడో అంతస్తులో ఉండే లక్ష్మిగారి అమ్మాయికి అసలు ధరకే ఇచ్చాను. తన నంబర్ కొట్టగానే నా యాప్‌లో టికెట్ మాయమై, నిమిషంలో తన ఫోన్‌లో కొత్త కోడ్‌తో వచ్చింది. గేటు దగ్గరికి చేరాక, “అంకుల్, పచ్చలైటు వెలిగింది” అని మెసేజ్ పెట్టింది.