రాగి గురించి నేను పెట్టిన మొదటి పోస్ట్ అబద్ధం

నేను దత్తతకిచ్చిన కుక్క రాగి, వెళ్ళిన తొమ్మిదో రోజున వెనక్కి వచ్చేసింది. కారు వెనక సీట్లో, నేను ఇచ్చి పంపిన దుప్పటి మీదే కూర్చుని, నేను ఇచ్చి పంపిన గిన్నెతో సహా. "సారీ అండీ, మాకు సెట్ కాలేదు" అన్నాడు దాన్ని దత్తత తీసుకున్నాయన. ఇంజన్ కూడా ఆపలేదు.

ఆ రాత్రి ఒళ్ళు మండి ఆయన మీద చాంతాడంత పోస్ట్ రాశాను. నోరు లేని జీవం, చేతులు దులుపుకోవడం, మనుషులేనా మీరు... అన్నీ ఉన్నాయి అందులో. పెట్టేముందు రాగి ఫోటో కోసం పాత పోస్ట్ తెరిచాను. నేనే రాసింది. "చాలా బుద్ధిమంతురాలు. చిన్నా పెద్దా అందరితో ఇట్టే కలిసిపోతుంది. ఏ ఇబ్బందీ పెట్టదు." చదివి, తిట్ల పోస్ట్ తీసేశాను. ఆ మూడు ముక్కల్లో ఒక్కటీ నిజం కాదు మరి.

నిజమేంటంటే, రాగి తినేటప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే బిగుసుకుపోతుంది. నమలడం ఆపేస్తుంది. తల గిన్నెలోనే ఉంచి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఇంకో అడుగేస్తే గుర్రుమంటుంది. నాకు తెలిసి ఎవర్నీ కరవలేదు. కానీ ఈ సంగతి నాకు ముందే తెలుసు. రాస్తే ఎవరూ రారని రాయలేదు. వాళ్ళింట్లో చిన్నపిల్లాడున్నాడు, గిన్నె దగ్గరికి వెళ్ళాడు. పిల్లాడికేం కాలేదు గానీ వాళ్ళమ్మకి నిద్ర పట్టలేదు. ఎలా పడుతుంది?

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, దిక్కులేని కుక్కల్ని చేరదీసి దత్తతకిచ్చే మా రెస్క్యూ వాళ్ళందరం ఆ సామెత పట్టుకుని బతుకుతున్నాం. మా పోస్టులు చూడండి. ప్రతి కుక్కా దేవతే. ప్రతిదీ "ప్రేమ కోసం ఎదురుచూస్తోంది". లీష్ కడితే రోడ్డు మీద చతికిలబడి కదలనని మొండికేసేది, ఉరుము వినబడితే మంచం కింద దూరేది, ఒంటరిగా వదిలితే తలుపు చెక్క గీకి పారేసేది ఒక్కటి కూడా మా పోస్టుల్లో ఉండదు. షెల్టర్లో మాత్రం అవే నిండుగా ఉంటాయి! ఇది చాలదన్నట్టు ఏడిపించే పోస్టులొకటి. జాలిపడి తీసుకెళ్తారు. ఆ జాలి ఎన్నాళ్ళుంటుంది? సోఫా చిరిగేదాకా.

ఇంకో మాట. షెల్టర్లో "బుద్ధిగా ఉంది" అని మనం మురిసిపోయే కుక్కల్లో చాలావాటిది బుద్ధి కాదు, భయం. నలభై కుక్కలు ఒకేసారి మొరిగే గదిలో నిలబడి చూడండి. కుక్కల్ని ఉంచే కెన్నెళ్ళలో చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుందని కొలిచి చెప్పారు. మన చెవికే నొప్పి, మనకంటే ఎంతో బాగా వినే దాని సంగతేంటి? షెల్టర్‌కి వచ్చిన మొదటి మూడు రోజుల్లో కుక్కల రక్తంలో కార్టిసాల్, అదే ఒత్తిడి హార్మోన్, బాగా ఎక్కువగా ఉంటుందని కూడా పరీక్షల్లో తేలింది. అలాంటి చోట కొన్ని పిచ్చెత్తినట్టు మొరుగుతాయి, కొన్ని కొయ్యబారిపోతాయి. ఈ రెండోరకం చూసి మనం "శాంతస్వభావం" అని రాసేస్తాం. ఇంటికెళ్ళి, కడుపునిండా తిని, గట్టిగా నిద్రపోయాక అసలు కుక్క బయటికొస్తుంది.

మా వాళ్ళు మూడు-మూడు-మూడు అంటుంటారు. మూడు రోజులు బిక్కుబిక్కుమంటూ ఏదో మూలన నక్కుతుంది, తిండి కూడా ముట్టకపోవచ్చు. మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుసుకుని తన అసలు అలవాట్లు చూపిస్తుంది. మూడు నెలలకి ఇది నా ఇల్లే అని నమ్ముతుంది. ఇది సైన్సేమీ కాదు, అనుభవం మీద చెప్పే మోటు లెక్క. కొన్నిటికి ఏడాది పడుతుంది. కానీ తొమ్మిదో రోజు ఎక్కడ పడిందో చూడండి. భయం కాస్త వదిలి గుర్రుమనే ధైర్యం వచ్చింది, ఆ ఇంటిమీద నమ్మకం ఇంకా రాలేదు. సరిగ్గా ఆ మధ్యలో తిరిగొచ్చేసింది.

గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. అది "దగ్గరికి రావద్దు" అని మర్యాదగా చెప్పడం. ఆ చెప్పడాన్ని కొట్టి మాన్పించారనుకోండి, రేపు చెప్పకుండానే కరుస్తుంది. నేను రాగితో చేసేది చాలా చిన్న పని. అది తింటున్నప్పుడు ఆరడుగుల దూరం నుంచి దానికి బాగా ఇష్టమైన ముక్కొకటి గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోతాను. అంతే. రోజూ. గిన్నె లాక్కోను, చెయ్యి పెట్టి పరీక్షించను. బిగుసుకోవడం కనబడితే మర్నాడు ఇంకో అడుగు వెనక నుంచి. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు నేను అటు వెళ్తే తల పైకెత్తి తోకాడిస్తుంది. నేనొక్కదాన్నే వెళ్తేనే, వేరేవాళ్ళ సంగతి ఇంకా తెలీదు. పసిపిల్లలున్న ఇంటికైతే ఇది ఇవ్వదగ్గ కుక్క కాదు, ఆ మాట ముందే అనాల్సింది నేను.

ఆ తిట్ల పోస్ట్ తీసేసి మంచిపని చేశానని తర్వాత ఇంకోసారి అనిపించింది. దత్తత కాగితంలో నేను రాయించుకునే షరతొకటి ఉంది: ఎప్పుడు వద్దనుకున్నా తిరిగి నాకే ఇవ్వాలి. ఆయన అదే చేశాడు. రోడ్డు మీద దించి పోలేదు, ఎవరికో అంటగట్టలేదు. థాంక్స్ చెప్పాల్సింది పోయి మొహం తిప్పుకున్నాను. ఇంకా ఫోన్ చెయ్యలేదు, చెయ్యాలి.

రెండో పోస్ట్ ఉన్నదున్నట్టు రాశాను. నాలుగేళ్ళుండొచ్చు (పెద్ద కుక్క పళ్ళు చూసి డాక్టర్ చెప్పేది అంచనాయే). టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయి. గిన్నె దగ్గర గుర్రుమంటుంది. చిన్నపిల్లలుంటే వద్దు. వేరే కుక్కతో కలిపి తిండి పెట్టకూడదు. చేతిలో గొడుగు చూస్తే వణుకుతుంది, ఎందుకో మాకు తెలీదు. రాత్రి మీ మంచం పక్కన నేలమీద పడుకుంటుంది, చెయ్యి కిందికి వేలాడేస్తే ముక్కు ఆనిస్తుంది.

మొదటి పోస్ట్‌కి అరవైకి పైగా మెసేజీలు వచ్చాయి. "ఇంకా ఉందా?" "బ్రీడ్ ఏంటి?" "రెండు నెలల పిల్ల ఉంటే చెప్పండి మేడమ్." (పిల్ల కావాలట! ఇల్లంతా తడిపి, దొరికిందల్లా కొరికి, టీకాలన్నీ పూర్తయ్యేలోపు మీ ఓపికా పూర్తవుతుంది. పెద్ద కుక్కయితే ఎంత ఎత్తు, ఎలాంటి గుణం, కళ్ళెదుటే ఉంటాయి.) రెండో పోస్ట్‌కి నాలుగు వచ్చాయి. అందులో ఒకటి, "అంత ప్రేముంటే మీరే ఉంచుకోవచ్చుగా?" ఉంచుకుంటే ఈ మూల నిండిపోతుంది బాబూ, తర్వాత వచ్చేదాన్ని ఎక్కడ పెట్టను?

ఇంకొకాయన నా ప్రశ్నలకి నొచ్చుకున్నాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలా ఉందట. అవును, ఉద్యోగమే. ఇంకో పదేళ్ళు రిటైర్‌మెంట్ లేని ఉద్యోగం. ఊరెళ్తే ఎవరు చూస్తారు, అద్దిల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా, మొదటి రెండు వారాలు మెడపట్టీతో పాటు ఒంటిపట్టీ (ఛాతీ చుట్టూ వేసే హార్నెస్) కూడా వేసే బయటికి తీసుకెళ్తారా. ఈ చివరిది వింటే నవ్వుతారు. కొత్తచోట బెదిరిన కుక్క మెడపట్టీలోంచి తల వెనక్కి లాక్కుని పారిపోవడానికి రెండు సెకన్లు చాలు. ఇంకా మీ ఇంటి దారి కూడా తెలీదు దానికి.

మిగిలినవాళ్ళలో ఒకావిడ, ఇంట్లో ఒక్కరే ఉంటారట, బ్రీడ్ అడగలేదు. "గిన్నె గోడవైపు పెట్టాలా అమ్మా, తలుపు కనబడేలా పెట్టాలా?" అని అడిగారు. ఫోన్ పట్టుకుని కాసేపు నాకు మాట రాలేదు.

మొన్న ఆదివారం వచ్చారు. రాగిని పిలవలేదు, చెయ్యి చాపలేదు. దానివైపు వీపు పెట్టి నేలమీద కూర్చుని, నలభై నిమిషాలు నాతో ఏవేవో కబుర్లు చెప్పారు. రాగి దగ్గరికి రాలేదు. గోడవారగా గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ విప్పిన చెప్పులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి చాలాసేపు వాసన చూసి, మళ్ళీ తన దుప్పటి మీదికి వెళ్ళిపోయింది. ఆవిడ అదంతా ఓరకంట చూస్తూనే ఉన్నారు.

లేచి వెళ్తూ, "వచ్చే ఆదివారం కూడా ఈ చెప్పులే వేసుకొస్తానమ్మా" అన్నారు.