స్పామర్‌కి డబ్బు కావాలి, ట్రోల్‌కి మనం కావాలి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడిన పాతకాపులకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. పెద్ద నగరం నడిబొడ్డున పదుల కొద్దీ మరుగుజ్జు పాత్రల శవాలు వరసగా పడి ఉండేవి. కాస్త పైనుంచి చూస్తే అవి అక్షరాలు. కూడబలుక్కుని చదివితే, ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుకు అమ్మే ఏదో వెబ్‌సైట్ చిరునామా. చాట్‌లో ప్రకటన పెడితే పట్టుబడుతున్నామని స్పామర్లు శవాలతోనే సైన్‌బోర్డు రాయించారన్నమాట. ఎంత చిరాకేసినా ఆ తెలివికి నవ్వు ఆపుకోవడం కష్టం.

ఆ బోర్డు వెనక ఉన్నవాడికి మీ మీద కోపమేమీ లేదు. మీరెవరో అతనికి తెలియదు, మీ ఆట ఏమైపోయినా పట్టదు. వెయ్యిమంది చూస్తే ఒక్కడైనా కొంటాడన్నదే అతని లెక్క. అదే నగరం బయట, కొత్తగా వచ్చిన ఆటగాణ్ణి వెంటాడి చంపుతూ చాట్‌లో వెక్కిరిస్తున్న మరొకడికి మాత్రం పైసా లాభం లేదు. అవతలివాడు ఉడుక్కోవడమే వాడికి కూలి. మొదటివాడు స్పామర్, రెండోవాడు ట్రోల్. ఒకడిది వ్యాపారం, ఇంకొకడిది కాలక్షేపం. అయినా చాలా గేమింగ్ కమ్యూనిటీల నిబంధనల్లో ఇద్దరికీ కలిపి ఒకే వాక్యం ఉంటుంది: ట్రోలింగ్, స్పామింగ్ చేస్తే బ్యాన్. కమ్యూనిటీని కాపలా కాసే మోడరేటర్ల తలనొప్పుల్లో సగం ఆ ఒక్క వాక్యంలోంచే పుడుతున్నాయని నా అభిప్రాయం.

ముందు స్పామర్ సంగతి. బ్యాన్ అతనికి శిక్ష కాదు, వ్యాపారంలో ఖర్చు. ఒక అకౌంట్ పోతే స్క్రిప్ట్ ఇంకో పది తెరుస్తుంది. అందుకే అతన్ని తరమడం కన్నా అతని లెక్క తప్పేలా చేయడం మేలు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015లో ఈ పని చాలా సాదాగా చేసింది. స్టోర్‌లో కనీసం 5 డాలర్లు ఖర్చు పెట్టని అకౌంట్ కొత్తవారికి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపడం లాంటివి చేయడానికి వీల్లేదు. మామూలు ఆటగాడు ఎలాగూ ఒక ఆటైనా కొంటాడు కాబట్టి అతనికి ఈ నియమం ఉన్నట్టే తెలియదు. వేల అకౌంట్లు నడిపేవాడికి మాత్రం వేల సార్లు 5 డాలర్లు. ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో, సర్వర్‌లోకి (అంటే ఒక గుంపులోకి) వచ్చిన 10 నిమిషాల దాకా మాట్లాడనివ్వని సెట్టింగ్ ఉంది. దాని వెనక ఉన్నదీ ఇదే లెక్క, డబ్బు బదులు సమయం.

ఇంకో దారి కొనేవాణ్ణే లాగేసుకోవడం. ఈవ్ ఆన్‌లైన్ 2008లో, వార్‌క్రాఫ్ట్ 2015లో అసలు డబ్బుతో కొన్న ఆట సమయాన్ని ఆటలోని డబ్బుతో మార్చుకునే అధికారిక పద్ధతి పెట్టాయి. బంగారం అమ్మే ముఠాలు దాంతో మాయమైపోలేదు. కానీ త్వరగా డబ్బున్నవాడు కావాలనుకునే ఆటగాడు కార్డు నంబరు తీసుకెళ్లి దొంగల చేతిలో పెట్టాల్సిన అవసరం తగ్గింది. దీన్ని కొందరు కంపెనీ దురాశ అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఖర్చు పెంచడం శ్రుతి మించితే ఏమవుతుందో రూన్‌స్కేప్‌ని చూస్తే తెలుస్తుంది. బంగారం అమ్మేవాళ్ల బెడద భరించలేక ఆ ఆట సంస్థ జాగెక్స్ 2007 డిసెంబరులో ఆటగాళ్ల మధ్య స్వేచ్ఛా వ్యాపారానికి గొళ్లెం పెట్టింది. విలువలో పెద్ద తేడా ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోయాయి. ఆటలో ఒకరినొకరు చంపి దోచుకునే అడవి ప్రాంతంలో పాత తరహా పోరునూ తీసేశారు. అమ్మకందార్లకు దెబ్బ తగిలింది, నిజమే. స్నేహితుడికి ఓ మంచి కత్తి ఊరికే ఇద్దామనుకున్నవాడికి కూడా తగిలింది. ఆటగాళ్లు ఆట లోపలే గుంపులు గుంపులుగా చేరి నిరసన తెలిపారు. చివరికి ఓటింగ్ పెట్టి, 2011 ఫిబ్రవరిలో పాత పద్ధతి తిరిగి తెచ్చారు. స్పామర్ని ఆపే ప్రతి తాళమూ మామూలు ఆటగాడి తలుపుకే పడుతుంది. అతను రోజుకు ఎన్నిసార్లు ఆ తలుపు తీస్తాడన్నది చూసుకోకపోతే కమ్యూనిటీ ఖాళీ అవుతుంది. ఫోన్ నంబరు తప్పనిసరి చేసే సర్వర్లు ఇది మరచిపోతుంటాయి. సొంత నంబరు లేని పిల్లలు, నంబరు ఎవరికీ ఇవ్వడానికి భయపడేవాళ్లు ముందు బయటే ఉండిపోతారు. స్పామర్ నంబర్లు టోకున కొంటాడు.

ఈమధ్య స్పామ్ ముఖం మారింది. కొత్త అకౌంట్ నుంచి కాదు, దొంగలు చేజిక్కించుకున్న, మూడేళ్లుగా మీతో ఆడుతున్న స్నేహితుడి అకౌంట్ నుంచే వస్తుంది. "పొరపాటున నిన్ను రిపోర్ట్ చేశాను, నీ అకౌంట్ పోతుంది, ఈ అడ్మిన్‌తో వెంటనే మాట్లాడు" అని ఒక రకం. ఉచితంగా నైట్రో (డిస్కార్డ్ చందా) అని, మా టీమ్‌కి ఓటెయ్యి అని, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యి అని ఇంకో రకం. ఇక్కడ 5 డాలర్ల అడ్డు పనికిరాదు, 10 నిమిషాల నిరీక్షణా పనికిరాదు. ఆ అకౌంట్ అవన్నీ ఎప్పుడో దాటేసింది. చేయాల్సిందల్లా సందేశాలు చెరిపి, అకౌంట్‌ని సర్వర్ బయట పెట్టి, అసలు మనిషికి వేరే మార్గంలో కబురు చేసి, అతను పాస్‌వర్డ్ మార్చుకుని రాగానే లోపలికి తీసుకోవడం. ఇవేవీ చేయకుండా శాశ్వత బ్యాన్ కొట్టి చేతులు దులుపుకునే మోడరేటర్లు ఉన్నారు. దోపిడీకి గురైనవాణ్ణే దొంగల జాబితాలో రాయడం అది.

ఇక ట్రోల్. వీడి విషయంలో అందరూ ఇచ్చే సలహా ఒకటే: పట్టించుకోకు. సలహా తప్పు కాదు గానీ తప్పు మనిషికి చెబుతున్నాం. తిట్లు పడుతున్న ఆటగాడు నవ్వుతూ ఊరుకోవాలనడం అంటే, పక్కవాడి సరదా ఖర్చు అతని నెత్తిన వేయడమే. పట్టించుకోకపోవడం వ్యవస్థ పని. ట్రోల్ మాట గమ్యం చేరకుండా చేస్తే, సహించే భారం ఎవరిమీదా పడదు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే జట్ల ఆటలో దాని సంస్థ రయట్ చేసిన ఒక ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. ప్రత్యర్థి జట్టుతో చాట్‌ని వాళ్లు నిషేధించలేదు. ముందుగా ఆఫ్‌లో ఉంచారు, కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకోవచ్చు. వారం తిరిగేసరికి చెడ్డ చాట్ 30 శాతానికి పైగా తగ్గింది, మంచి మాటలు దాదాపు 35 శాతం పెరిగాయి. నోరు నొక్కలేదు, నోటికీ చెవికీ మధ్య ఒక చిన్న మెట్టు కట్టారు, అంతే. ఓవర్‌వాచ్ అనే ఆట వాళ్లది మరీ కొంటె పద్ధతి. గెలిచాక ఓడినవాళ్లని ఎగతాళి చేస్తూ "జీజీ ఈజీ" (మంచి ఆట, తేలిగ్గా గెలిచాం) అని కొడితే, తెరమీద "నా నిద్రవేళ దాటిపోయింది, దయచేసి అమ్మకి చెప్పకండి" లాంటి వాక్యం ప్రత్యక్షమయ్యేది. ట్రోల్‌కి కోపమే మేత. ఇక్కడ ఎదుటివాళ్లు కోప్పడరు, నవ్వుతారు, అదీ వాణ్ణి చూసి.

అసలు పేర్లు బయటపెడితే అందరూ బుద్ధిగా ఉంటారన్న వాదన ఎప్పటికప్పుడు లేస్తూనే ఉంటుంది. వార్‌క్రాఫ్ట్ సంస్థ బ్లిజార్డ్ 2010 జులైలో తన అధికారిక చర్చా వేదికల్లో ఆటగాళ్ల అసలు పేర్లే చూపిస్తామని ప్రకటించింది. ఇందులో భయపడేదేమీ లేదని చూపించడానికి సంస్థ ఉద్యోగి ఒకరు తన పేరు చెప్పారు. కాసేపటికే ఆయన వ్యక్తిగత వివరాలు తవ్వి అందరిముందూ పెట్టారు. మూడు రోజుల్లో సంస్థ వెనక్కి తగ్గింది. దక్షిణ కొరియా ఇంకా పెద్ద ఎత్తున ప్రయత్నించింది. పెద్ద సైట్లలో రాయాలంటే గుర్తింపు రుజువు చేసుకోవాలని 2007లో నియమం తెచ్చింది. 2011లో ఒక పెద్ద పోర్టల్ నుంచి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్నే కొట్టేసింది. మారుపేరు తీసేస్తే ముందు నష్టపోయేది ట్రోల్ కాదు. తనని వెతుక్కుంటూ ఎవరైనా ఇంటిదాకా వస్తారేమోనని భయపడే ఆటగాడు, ముఖ్యంగా ఆటగత్తె.

వెతుక్కుంటూ రావడమన్నది ఊహ కాదు. 2017 డిసెంబరులో అమెరికాలోని విచిటాలో, ఒక కాల్ ఆఫ్ డ్యూటీ మ్యాచ్‌పై 1.50 డాలర్ల పందెం గొడవలో, ఎవరో పోలీసులకు ఫోన్ చేసి ఓ ఇంట్లో హత్య జరిగిందని అబద్ధం చెప్పారు. ఆ చిరునామాలో ఉన్న మనిషికి ఆ ఆటతో సంబంధమే లేదు. పోలీసు తూటాకి చనిపోయాడు. ఫోన్ చేసినవాడికి 20 ఏళ్ల జైలు పడింది. చిరునామాలు బయటపెట్టడం, చంపుతామని బెదిరించడం వంటివి కనిపిస్తే మోడరేటర్ మ్యూట్ బటన్ దగ్గర ఆగకూడదు. ఆధారాలు భద్రపరిచి పోలీసులకు అందించాలి.

ఇంతవరకూ చెప్పుకున్న ఇద్దరినీ గెంటేశామనుకుందాం. ఆట బాగుపడుతుందా? రయట్ పరిశోధకుల లెక్క ప్రకారం, ఎప్పుడూ చెడుగానే ఉండే ఆటగాళ్ల వాటా మొత్తం దుష్ప్రవర్తనలో సుమారు 13 శాతమే. మిగతా 87 శాతం, మామూలుగా సవ్యంగానే ఉండేవాళ్లు ఒక చెడ్డ రోజున చేసింది. నాకు ఈ అంకె ముందున్న కథంతటికన్నా ముఖ్యమనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో చేసిన ప్రయోగం కూడా ఇదే దారిలో నడిచింది. తేలిక పరీక్ష రాసి, మర్యాదైన వ్యాఖ్యలు చూసినవాళ్లలో ట్రోలింగ్‌కి దిగినవారు 35 శాతం. కష్టమైన పరీక్షతో మూడ్ చెడి, పైగా అప్పటికే ట్రోలింగ్ ఉన్న చర్చ చూసినవాళ్లలో 68 శాతం. వరసగా నాలుగు ర్యాంక్‌డ్ మ్యాచ్‌లు ఓడి, రాత్రి రెండింటికి, చాట్‌లో తిట్లు పడుతుండగా ఐదోది మొదలుపెట్టేవాడు సరిగ్గా ఆ రెండో గుంపులోనే ఉంటాడు.

వీణ్ణి ట్రోల్ అని ముద్ర వేసి శాశ్వతంగా పంపేస్తే పోయేది ఒక మంచి ఆటగాడు. ఊరుకుంటే వాడి తిట్టు ఇంకో ఇద్దరి రోజు పాడు చేస్తుంది. మధ్యలో ఉన్న దారి చిన్న శిక్ష, అదీ వెంటనే, కారణం చూపిస్తూ. "నిబంధన ఉల్లంఘించారు" అనే ముక్తసరి సందేశం కాదు, నువ్వు అన్న మాట ఇదిగో, ఈ మ్యాచ్‌లో, ఇందుకు ఒక రోజు చాట్ లేదు అని. రయట్ 2011లో ఆటగాళ్లనే న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టి ట్రైబ్యునల్ నడిపింది. ఆలోచన అందంగా ఉంది, జాప్యం మాత్రం దాన్ని తినేసింది. ఏం తప్పు చేశాడో మరచిపోయాక అందే శిక్ష కక్షసాధింపులాగే ఉంటుంది. 2014లో దాన్ని మూసేసి, తర్వాత తక్షణ ఆటోమేటిక్ హెచ్చరికల వైపు వెళ్లారు.

అందుకే, ఎదుటివాడికి తెలియకుండా అతని మాటలు ఎవరికీ కనిపించకుండా చేసే షాడోబ్యాన్ అంటే నాకు గిట్టదు. బాట్ (తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) మీద వాడితే తప్పులేదు, యంత్రానికి అవమానం ఉండదు. మనిషి మీద వాడితే అతను ఏమీ నేర్చుకోడు. ఒకరోజు విషయం తెలుస్తుంది, ఆ రోజునుంచి కసిగా ఇంకో అకౌంట్‌తో వస్తాడు.

మిషన్లకు వదిలేయగలిగింది ఎంత అన్నదీ ఆలోచించాలి. స్పామ్ లింకులు, గుంపుగా చేరే బాట్లు, ఒకే వాక్యం వంద చాట్లలో అతికించడం వంటివి యంత్రం మనిషికన్నా బాగా పట్టుకుంటుంది. 2021 ఆగస్టులో ఆటలు ప్రత్యక్షంగా ప్రసారం చేసే ట్విచ్ వేదికలో స్ట్రీమర్ల చాట్‌లలోకి వందల బాట్లు చొరబడి జాతి, లింగ ద్వేషం కుమ్మరించినప్పుడు చేత్తో చెరపడం అసాధ్యమైంది. సెప్టెంబరు 1న చాలామంది స్ట్రీమర్లు నిరసనగా ప్రసారాలు మానేశాక, ఫోన్ నిర్ధారణ వంటి ఉపకరణాలు వచ్చాయి. కాల్ ఆఫ్ డ్యూటీ 2023 నుంచి వాయిస్ చాట్‌ని కూడా కృత్రిమ మేధతో వింటోంది. కానీ పదేళ్లుగా కలిసి ఆడే క్లాన్‌లో స్నేహితులు ఒకరినొకరు తిట్టుకునే తిట్టు, కొత్త పిల్లాడిమీద విసిరే తిట్టు అక్షరాలా ఒకటే. ఒక భాషని మరో లిపిలో, సగం పొట్టి పదాలతో రాసేచోట ఫిల్టర్ ఇంకా తడబడుతుంది. ఆ తేడా తేల్చడానికి మనిషి కావాలి.

ఆ మనిషి సాధారణంగా జీతం లేని వాలంటీర్. రాత్రి మ్యాచ్ ఆడుకుందామని వచ్చి రిపోర్టుల కుప్ప ముందు కూర్చుంటాడు. ట్రోల్‌కి ఈ మోడరేటర్‌కన్నా ఇష్టమైన ప్రేక్షకుడు లేడు, ఎందుకంటే అతను చదవక తప్పదు. మోడరేటర్ అలసిపోతే మొదట తగ్గేది ఓపిక, తర్వాత న్యాయం. ఇష్టం లేనివాళ్లకు బ్యాన్, ఇష్టమైనవాళ్లకు మాఫీ. పెద్ద కమ్యూనిటీలు నడిపేవాళ్లు కొత్త బాట్ కొనేముందు ఇది సరిచేసుకుంటే మంచిది: మోడరేటర్లకు వంతులు, నెలలో కొన్ని రోజులు తప్పనిసరి సెలవు, బ్యాన్ వేసినవాడే అప్పీలు వినకూడదన్న నియమం, ప్రతి బ్యాన్‌కీ తోటి మోడరేటర్లు చూడగలిగేలా ఒక్క వాక్యంలో రాసిన కారణం. ఆట మీద బతికే కంపెనీ అయితే వాళ్లకు జీతం కూడా.