ఐఎన్ఎస్ విశాఖపట్నంలో 75 శాతం మనదే, సరే, మరి ఇంజిన్?

ఐఎన్ఎస్ విశాఖపట్నం అని మన నేవీ యుద్ధనౌక పేరు వినగానే మనవాళ్లకి కాస్త ఛాతీ పొంగడం మామూలే. ఓడ క్రెస్ట్ (అధికారిక చిహ్నం) మీద డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, కృష్ణజింక కూడా వేశారు. అయితే ఈ ఓడని కట్టింది ముంబైలోని మజగావ్ డాక్‌లో, ఇప్పుడు పనిచేసేదీ అక్కడి వెస్టర్న్ ఫ్లీట్‌లోనే. కాబట్టి పేరు సంగతి పక్కన పెట్టి ఓడ లోపల ఏముందో చూద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది.

నాలుగు డెస్ట్రాయర్లకి (మిసైళ్లు మోసే పెద్ద యుద్ధనౌకలు) ప్రాజెక్ట్ 15బి కింద కాంట్రాక్ట్ కుదిరింది 2011 జనవరిలో. వాటిలో మొదటిదైన ఈ ఓడకి 2013 అక్టోబర్‌లో కీల్ (అడుగున ఉండే వెన్నెముక లాంటి భాగం) వేశారు, 2015 ఏప్రిల్ 20న జలప్రవేశం చేయించారు, నేవీలో చేరింది మాత్రం 2021 నవంబర్ 21న. అంటే నీళ్లలోకి దిగాక ఇంకో ఆరున్నరేళ్లు. జలప్రవేశం రోజు టీవీలో పూలదండలు, కొబ్బరికాయలు చూసి ఓడ రెడీ అయిపోయింది అనుకుంటాం గానీ ఆ రోజుకి ఉండేది చాలావరకు ఉక్కు పెంకే, ఆ తర్వాతే మైళ్ల కొద్దీ కేబుళ్లు లాగాలి, పైపులు వేయాలి, రాడార్లు, లాంచర్లు బిగించాలి, ఒక్కొక్కటీ పనిచేస్తోందో లేదో చూడాలి, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయో లేదో చూడాలి, చివర్లో సముద్రంలోకి తీసుకెళ్లి ట్రయల్స్ చేయాలి. ఇందులో ఏ ఒక్క పరికరం లేటైనా మిగతావన్నీ ఆగుతాయి. ముందు 127 ఎంఎం గన్ పెడదాం అనుకున్నారు, ఆ కొనుగోలు తేలక తేలక చివరికి హరిద్వార్ బీహెచ్ఈఎల్ చేసే 76 ఎంఎం గన్నే బిగించారు. 2019 జూన్ 21న యార్డులో ఉండగానే ఓడలో మంటలు లేచి ఒక కాంట్రాక్ట్ కార్మికుడు చనిపోయాడు. తర్వాత కోవిడ్ వచ్చింది.

ఇలా లేటైందని తిట్టడం ఈజీ. కానీ ఇదే సిరీస్‌లో చివరిదైన ఐఎన్ఎస్ సూరత్‌ని చూడండి, 2022 మే 17న జలప్రవేశం, 2025 జనవరి 15కల్లా నేవీలో. ఆరున్నరేళ్లు కాస్తా మూడేళ్ల లోపుకి వచ్చింది. సూరత్ హల్‌ని (ఓడ పెంకుని) వేర్వేరు చోట్ల బ్లాకులుగా కట్టి తీసుకొచ్చి మజగావ్‌లో కలిపారు. ఒకే డిజైన్‌ని వరసగా నాలుగుసార్లు కడితే యార్డుకి చెయ్యి తిరుగుతుంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మనవాళ్లు నాలుగు కట్టగానే ఆపి కొత్త డిజైన్ మీద ఏళ్ల తరబడి ఫైళ్లు తిప్పడం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక సర్వీస్ సంగతి. నేవీలో చేరి రెండు నెలలు కూడా కాకముందే, 2022 జనవరి 11న దీని మీద నుంచి బ్రహ్మోస్ పేల్చి టెస్ట్ చేశారు. అయితే నాకు దానికన్నా పెద్దదిగా అనిపించింది 2024 జనవరి. ఎర్ర సముద్రం వైపు ఓడల మీద యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడులు జోరుగా ఉన్న టైమ్ అది. ముందు జెన్కో పికార్డీ అనే కార్గో షిప్‌కి డ్రోన్ తగిలితే విశాఖపట్నం నుంచి బాంబు నిపుణులు ఎక్కి చూసి ఇక ప్రమాదం లేదని తేల్చారు. పది రోజులు తిరక్కుండానే 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి మిసైల్ తగిలింది. లోపల ఉన్నది నాఫ్తా, నిప్పంటుకుంటే ఆగే సరుకు కాదు. సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. మన ఓడ నుంచి పదిమంది ఫైర్‌ఫైటింగ్ టీమ్ సామాన్లతో సహా ఆ ట్యాంకర్ ఎక్కి ఓడ సిబ్బందితో కలిసి ఆరు గంటలు కష్టపడి మంటలార్పారు. మిసైళ్లతో నిండిన 7,400 టన్నుల డెస్ట్రాయర్‌కి ఆ రోజు పనికొచ్చింది ఫోమ్, గొట్టాలు, శిక్షణ ఉన్న మనుషులు. ఖర్చు దండగ అనే వాళ్లు ఈ పది రోజుల సంగతి చదివితే చాలు.

సరే, అసలు పాయింట్‌కి వద్దాం. ఈ ఓడ 75 శాతం స్వదేశీ అని అధికారిక లెక్క, అబద్ధం అనను. హల్‌కి వాడిన డీఎంఆర్ 249ఏ ఉక్కుని రూపొందించింది హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ అనే రక్షణ లోహ పరిశోధన ల్యాబ్. గాల్లోకి పేల్చే మిసైల్ ఇజ్రాయెల్‌తో కలిసి చేసిందే అయినా ఇక్కడ ఉత్పత్తి చేసేది హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ బీడీఎల్ (భారత్ డైనమిక్స్). బ్రహ్మోస్ అసెంబ్లీకీ హైదరాబాద్‌లో యూనిట్ ఉంది. తెలుగోళ్లు పేరు చూసి మురిసిపోవడం కన్నా ఈ లిస్ట్ చూసి మురిస్తే ఇంకా న్యాయంగా ఉంటుంది. కానీ శాతం అనేది విలువ లెక్క. మిగిలిన 25 శాతంలో ఏముందో చెప్పదు, అది రాకపోతే ఓడ కదులుతుందా అన్నదీ చెప్పదు. నేవీ వాళ్లు ఓడని మూడు ముక్కలుగా చూస్తారు, ఫ్లోట్, మూవ్, ఫైట్ అని. తేలడం మనకి వచ్చేసింది, కొట్టడం కూడా చాలావరకు వచ్చింది, కదలడం దగ్గరే ఆగిపోయాం. దీన్ని నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లూ ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో ఉన్న జోర్యా మాష్‌ప్రొయెక్ట్ వాళ్లవి.

తేదీలు చూడండి. 2022 ఫిబ్రవరి 21న విశాఖలో రాష్ట్రపతి ఫ్లీట్ రివ్యూ (నేవీ ఓడల్ని రాష్ట్రపతి పరిశీలించే వేడుక), ఈ ఓడ అందులో ఉంది. 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. 27న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఈ ఓడ ఎక్కి ఫలకం ఆవిష్కరించారు, సాయంత్రం బీచ్ రోడ్‌లో మిలన్ (పలు దేశాల నేవీల ఉమ్మడి విన్యాసాలు) పరేడ్ జరిగింది. మనం ఇక్కడ ఫొటోలు దిగుతున్న ఆ వారమే అక్కడ ఇంజిన్ ఊరి చుట్టూ యుద్ధం మొదలైంది, ఆ తర్వాత నెలల తరబడి ఆ ఊరి మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఒక డెస్ట్రాయర్ ముప్పై ఏళ్లు తిరగాలి, టర్బైన్ అంటే మధ్యమధ్యలో ఓవర్‌హాల్ అడుగుతుంది, స్పేర్లు అడుగుతుంది, ఆ ఫ్యాక్టరీ వైపు చూడక తప్పదు.

మనం ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించాం. యుద్ధవిమానాల కోసం మొదలుపెట్టిన కావేరీ జెట్ ఇంజిన్ నుంచి జీటీఆర్ఈ (డీఆర్‌డీఓ ఇంజిన్ ల్యాబ్) వాళ్లు ఒక మెరైన్ వెర్షన్ చేసి 12 మెగావాట్ల దాకా నడిపి చూపించారు, ఆ టెస్ట్ బెడ్ ఉన్నది విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లోనే. ఇలాంటి డెస్ట్రాయర్‌కి అంతకన్నా పెద్ద ఇంజిన్ కావాలి, ఆ మెట్టు ఎక్కడానికి కావాల్సిన డబ్బు, ఓపిక ఎవరూ పెట్టలేదు. తర్వాతి తరం డెస్ట్రాయర్ల గురించి మాట్లాడేటప్పుడు మిసైళ్లు ఎన్ని అని కాకుండా ఇంజిన్ ఎవరిది అని ముందు అడిగే రిపోర్టర్ ఒక్కడున్నా బాగుండు.