మోరీలో కలుస్తున్న ట్యాంకరు నీళ్లు

హనుమకొండ నుంచి కాజీపేట వైపు వెళితే రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్ సెంటర్లు కనిపిస్తూనే ఉంటాయి. కారు ర్యాంపు ఎక్కగానే బోరు మోటారు మొదలవుతుంది. కారంతా కప్పిన తెల్లటి నురగ కాసేపట్లోనే బూడిద రంగుకు తిరిగి, గచ్చు మీదుగా మోరీలోకి జారుతుంది. నురగ విరిగాక నీటిపై మిగిలే నూనె తెట్టు ఎండలో రంగురంగులుగా మెరుస్తుంది.

పైపుతో కడిగితే ఒక కారుకు సుమారు 150 లీటర్ల నీళ్లు పడతాయి. రోజుకు 30 కార్లు కడిగే సెంటరుకు 4,500 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకరు కావాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణం ప్రకారం అది 33 మందికి సరిపోయే నీరు. నీటి ఎద్దడి ముదిరిన 2024 మార్చిలో బెంగళూరు తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మనం ఆ స్థితి వచ్చేదాకా ఆగనక్కరలేదు. కడగడాన్ని ఆపాల్సిన పని లేదు, కడిగిన నీటినే మళ్లీ వాడమని సెంటర్లను చట్టబద్ధంగా ఒప్పించాలి.

అందుకు తగిన సాధనం మెంబ్రేన్ వడపోత, అంటే అతి సన్నని రంధ్రాలున్న పొర గుండా నీటిని పంపి వడకట్టడం. ఇసుక, మట్టి తొట్టిలో అడుగుకు దిగుతాయి, తేలిన నూనెను పైనుంచి తీసేయవచ్చు. అసలు చిక్కు షాంపూతో వస్తుంది. అది నూనెను కంటికి కనపడనంత చిన్న బిందువులుగా విరగ్గొట్టి నీటిలో కలిపేస్తుంది కాబట్టి, ఆ నూనె తేలదు, దిగదు, ఇసుక ఫిల్టరుకూ పూర్తిగా చిక్కదు. ఇందుకు వాడే అల్ట్రాఫిల్ట్రేషన్ రకం పొర రంధ్రాలు మాత్రం మైక్రానులో (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు నుంచి నూరో వంతు వరకే ఉంటాయి. ఈ పొరతోనే చేసిన సేమియా పోగుల్లాంటి బోలు గొట్టాలు వందల కొద్దీ కట్టగా ఉన్న పెద్ద గొట్టంలోకి నల్లటి నీరు ఒత్తిడితో వెళ్లి, అవతల తేటగా వస్తుంది. నూనె, మసి, బ్రేకు ధూళి, సూక్ష్మక్రిములు ఇవతలే ఆగిపోతాయి. కరిగిన ఉప్పు మాత్రం దాటిపోతుంది కనుక ఆఖరి కడుగుకు మంచినీళ్లు వాడాలి, లేదా కొంత భాగాన్ని ఆర్వో గుండా పంపాలి. ఈ పద్ధతిలో 80 శాతం నీరు తిరిగి వాడినా, 4,500 లీటర్లు కావలసిన చోట కొత్తగా తోడేది 900 లీటర్లే.

ఖర్చు మోయలేమని చిన్న సెంటర్ల యజమానులు అంటారు, అందులో నిజం ఉంది. పొరకు జిడ్డు పడుతుంది, దాన్ని వెనక్కి నీరు కొట్టి కడగాలి, అప్పుడప్పుడు రసాయనంతో శుభ్రం చేయాలి, కొన్నేళ్లకు మార్చాలి. అయితే దిగుడు తొట్టి, నూనె తొట్టి ముందు సరిగ్గా కట్టుకుంటే పొర ఆయుష్షు పెరుగుతుంది. పక్కపక్కనే ఉన్న నాలుగైదు సెంటర్లు ఒకే యంత్రాన్ని పంచుకోవచ్చు, దానికి ప్రభుత్వం రాయితీ ఇవ్వాలి. ఉచితంగా తోడుకునే బోరు నీటికి ధర లేకపోవడం వల్లనే శుద్ధి ఖరీదుగా తోస్తుంది. మన కింద ఉన్నది గ్రానైటు రాయి, నీరు నిలిచేది దాని పగుళ్లలోనే. ఒక సెంటరు తోడిన కొద్దీ పక్కింటి బోరు నీళ్లు దిగిపోవచ్చు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరో సంగతి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలని, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోవాలని కాకతీయుల కాలం నాటి వాళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఒకే నీటిని పలుమార్లు వాడుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఆ గొలుసు ఇప్పుడు మురుగును మోస్తోంది, ఎందుకంటే పైచెరువు నీటికి పట్టిన జిడ్డు కింది చెరువుకూ తప్పదు. 2024 చివర్లో వరంగల్‌లోని భద్రకాళి చెరువును ఖాళీ చేశాం, ఆ తర్వాత పూడిక తీయడం మొదలుపెట్టాం. పూడిక తీసిన చెరువుల్లోకి నాలాల గుండా మళ్లీ ఇదే నురగ దిగితే అంత శ్రమ ఎందుకు?

ముందుగా ప్రభుత్వ ప్రాంగణాలతో మొదలుపెట్టాలి. ఆర్టీసీ డిపోల్లో రోజూ బస్సులు కడుగుతారు, కార్పొరేషన్ చెత్త బండ్లనూ కడగాల్సిందే. ఒకచోట పెద్ద మొత్తంలో మురుగు వచ్చే ఈ స్థలాల్లో మెంబ్రేన్ యూనిట్లు పెట్టి, నెలనెలా ఎంత నీరు మిగిలిందో బోర్డు మీద రాయాలి. ఆ లెక్క చేతికి వచ్చాక సర్వీసింగ్ సెంటర్ల లైసెన్సు పునరుద్ధరణకు నీటి పునర్వినియోగాన్ని షరతుగా పెట్టాలి.