మూత తీసి చూడాల్సిందే

విజయనగరం గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే ఓ చిన్న కొట్టుకు ఈమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. చేతికి రోలెక్స్ వాచీ. ఆగిపోయింది, చూడమన్నాడు. కొట్టు పెద్దాయన కంటికి భూతద్దం బిగించి వెనక మూత తిప్పి తీశాడు. మెరిసే స్టీలు కేసు లోపల తెల్లటి ప్లాస్టిక్ రింగు, దాని మధ్యలో రూపాయి బిళ్ల కన్నా చిన్న మిషను, పక్కనే బొత్తాం సెల్లు. ‘ఏం పోలేదు బాబూ, సెల్లయిపోయింది’ అన్నాడాయన.

కుర్రాడికి ముందు అర్థం కాలేదు. అది ఆటోమేటిక్ అని, చెయ్యి కదులుతుంటే దానంతటదే కీ ఎక్కుతుందని చెప్పి అమ్మారు. నిరుడు మాఘంలో పెళ్లికి మామగారు 85 వేలు పోసి, సెకండ్ హ్యాండ్ అయినా ఒరిజినల్ అని నమ్మి కొన్న వాచీ అది. అమ్మినవాడు సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టి వరసగా వాచీలు అమ్ముకునే వ్యాపారి. డబ్బు ఫోన్లోనే కట్టారు. కొత్త సెల్లు వేయించుకుని, మూత బిగించాక కుర్రాడు పెద్దాయనతో ఒక్కటే మాట అన్నాడు: ‘ఇది మామయ్యకి తెలీకూడదు.’

ఆ మాట విన్నాక మాకు మనసు బరువెక్కింది. ఆ కుర్రాడిది మంచి మనసు, అందులో సందేహం లేదు. కానీ నకిలీ వాచీల వ్యాపారం నిలబడింది సరిగ్గా ఆ మాట మీదే. కొన్నవాడు సిగ్గుతో చెప్పడు, పెట్టించుకున్నవాడు మర్యాదకు చెప్పడు. అమ్మినవాడు తర్వాతి ముహూర్తాల కోసం కొత్త ఫొటోలు పెట్టుకుంటాడు.

డబ్బున్నవాళ్లు ఏ విశాఖో హైదరాబాదో వెళ్లి, షోరూంలో బిల్లు వేయించుకుని కొనుక్కుంటారు. మోసపోయేది మన ఊళ్లలో అల్లుడికి వాచీ పెట్టడం మర్యాద అనుకునే ఇళ్లే. ఒకప్పుడు ఆ మర్యాద హెచ్ఎంటీతో తీరిపోయేది. 1961లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ వాచీ చేతికుంటే చాలనుకున్న తరం మనది. తర్వాత టైటాన్ వచ్చింది. ఇప్పుడు పెళ్లి ఫొటోలో ముంజేతి మీద రోలెక్స్ కిరీటం గుర్తు కనబడాలన్న ఒత్తిడి మొదలైంది. ఆ టెన్షన్ పెళ్లికూతురి తండ్రిది.

అసలు రోలెక్స్‌ను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. రోలెక్స్ ఇప్పుడు సెల్లుతో నడిచే వాచీలు చేయడం లేదు. కాబట్టి సెకన్ల ముల్లు ‘టిక్, టిక్’ మంటూ సెకనుకో గెంతు గెంతితే చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఇప్పటి అసలు వాచీలు చాలావాటిలో మిషను గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 8. ముల్లు జారుతున్నట్టే కనిపిస్తుంది. చవక ఆటోమేటిక్ మిషన్లు చాలావాటిలో ఇది సెకనుకు 6. తేదీ మీద ఉండే చిన్న బుడిపె అద్దం అంకెను రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపాలి. నకిలీల్లో చాలాసార్లు అంకె కాస్తే పెరుగుతుంది, లేదా కిటికీలో ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. డయల్ మీద అక్షరాలు భూతద్దంలో చూసినా అంచు చెదరకూడదు. డేట్‌జస్ట్, సబ్‌మెరైనర్ లాంటి రకాలకు వెనక లోహపు మూతే ఉంటుంది. మిషను కనబడేలా వెనక అద్దం పెట్టిన సబ్‌మెరైనర్ చూపించి ‘స్పెషల్ పీస్’ అంటే నమ్మకండి. వారం పేరు కూడా చూపే డే-డేట్ రకాన్ని కంపెనీ బంగారంతో, ప్లాటినంతో తప్ప చేయదు. అది స్టీలు మీద పూతతో యాభై వేలకు దొరికే వస్తువే కాదు.

అయితే ఈ ఆనవాళ్లు పట్టుకుని నిశ్చింతగా ఉండమని మేము చెప్పలేం. ఒమెగా, కార్టియే, ట్యాగ్ హోయర్ కంపెనీల అసలు వాచీల్లోనూ సెల్లుతో నడిచేవి ఉన్నాయి, ముల్లు గెంతినంత మాత్రాన అవి నకిలీ కావు. మరోవైపు ‘సూపర్ క్లోన్’ పేరుతో వస్తున్నవాటిలో మిషను కూడా అసలుదానిలాగే సెకనుకు 8 సార్లు కొట్టుకుంటోంది. ఆకుపచ్చ పెట్టె, వారంటీ కార్డు, సీరియల్ నంబరు అన్నిటికీ నకళ్లు వచ్చేశాయి. ఫొటో చూసి చెప్పడం అనుభవమున్నవాళ్లకే కష్టం. అందుకే మూత తీసి చూడాల్సిందే. బొబ్బిలి వీణ కొనేవాళ్లు దాన్ని తిరగేసి, ఒకే పనస దుంగలో తొలిచిందా, ఎక్కడైనా అతుకు ఉందా అని చూసుకుంటారు. ఆ జాగ్రత్త మన ప్రాంతానికి కొత్త కాదు. వాచీ విషయంలోనూ డబ్బు చేతులు మారకముందే అమ్మేవాడిని వెంటబెట్టుకుని తెలిసిన మెకానిక్ దగ్గరకు వెళ్లాలి. మూత తీయించడానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనకూడదు. మరీ పెద్ద మొత్తమైతే కంపెనీ సర్వీసు సెంటర్లోనే చూపించాలి.

బంగారం కొనేటప్పుడు హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి 6 ఉండే హాల్‌మార్క్ గుర్తింపు నంబరు అడగడం మన ఆడవాళ్లకు అలవాటైపోయింది. 2023 ఏప్రిల్ నుంచి అది లేని నగను దుకాణంలో అమ్మకూడదు. వాచీలకు మాత్రం, బంగారు వాచీలకు సైతం, హాల్‌మార్కింగ్ తప్పనిసరి కాదు. కాబట్టి కొనేవాడికి బిల్లే దిక్కు. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన చేతిగడియారం అమ్మితే 1 శాతం టీసీఎస్ (కొనేవాడి నుంచి అమ్మేవాడే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేయాలి. అంత ఖరీదైన వాచీని బిల్లు లేకుండా, నగదుకు ఇస్తానన్నవాడు ఏదో దాస్తున్నట్టే లెక్క.

‘ఫస్ట్ కాపీ’ అని తెలిసే కొనుక్కుంటున్నాం, ఎవరికి నష్టం అనేవాళ్లున్నారు. వాళ్లతో మేము ఏకీభవించం. ఈరోజు నాలుగు వేలకు తెలిసి కొన్న కాపీ, రెండు చేతులు మారేసరికి ఒరిజినల్ అయిపోతుంది. అది చివరికి చేరేది అప్పు చేసి అల్లుడికి వాచీ పెట్టే ఇంటికే.

చట్టం లేక కాదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద తప్పుడు గుర్తు వేసినా, వేసిన సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవడానికి డీఎస్పీ, ఆపై స్థాయి అధికారికి అధికారం ఉంది. కాకపోతే ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచేలోపు సరుకు ఊరు దాటేస్తుంది. అందుకే పైడితల్లి సిరిమానోత్సవానికి, పెళ్లిళ్ల సీజనుకు ముందే మన ప్రాంతపు పోలీసులు ఆ ప్రక్రియ మొదలుపెట్టి సిద్ధంగా ఉండాలని కోరుతున్నాం. ఎవరో ఫిర్యాదు చేస్తే చూద్దాం అని కూర్చుంటే, ఈ విషయంలో ఆ ఎవరో రాడు. నకిలీని అసలని అమ్మి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం కూడా. దానికి పెద్ద కంపెనీ కదలి రానక్కర్లేదు, మోసపోయిన మనిషి చెబితే చాలు.

వ్యాపారంగా అమ్మేవాడి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కొన్న సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, మన జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. దారి తెలియనివాళ్లు ముందు 1915కు ఫోన్ చేయొచ్చు.

ఆ కుర్రాడి పేరు మేము రాయడం లేదు. కానీ ఈ మాటలు అతని కంటపడితే బాగుండునని ఆశపడుతున్నాం. మామగారికి చెప్పు నాయనా. ఆయన తప్పు చేయలేదు, మోసపోయారు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, వాచీ కొన్నది నిరుడు మాఘంలో. డబ్బు పంపిన రశీదు, అమ్మినవాడు పెట్టిన ఫొటోలు, ‘ఒరిజినల్’ అంటూ పంపిన మెసేజీలు ఆయన ఫోన్లో ఇంకా ఉండే ఉంటాయి. వాటిని చెరిపేయకుండా దాచమని ఈరోజే చెప్పు.