వంకాయ రంగు పంచాయితీ

లగ్గం వీడియో ఇంకా చేతికి రానేలేదు, చీర మీద పంచాయితీ మాత్రం మొదలైంది.

పెళ్లి మా అక్క కొడుకుది, మహబూబ్‌నగర్‌లో. పిల్లది నల్లగొండ. కోడలికి పెట్టే చీర కోసం అక్క స్వయంగా గద్వాలకు పోయి, మగ్గం ఉన్న ఇంట్లోనే కూర్చొని వంకాయ రంగు ఎంచి తెచ్చింది. గద్వాల చీరలో నూలు భాగానికి పట్టు అంచు, పట్టు కొంగు కలుపుతారు కదా, ఆ కలిసిన చోటల్లా వేలితో తడిమి చూసి మరీ కొన్నది.

వీడియో తీసిన పిల్లగాడి అసిస్టెంటు హుషారు ఆపుకోలేక, కెమెరాలోంచి వచ్చిన క్లిప్పులు వచ్చినట్టే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేశాడు. వాటిలో వంకాయ రంగు సంగతి సరే, అసలు ఏ రంగూ లేదు. పెళ్లికూతురు, తలంబ్రాలు, బంతిపూల దండలు, అన్నీ బూడిదలో పొర్లి లేచినట్టున్నాయి. నల్లగొండ మేనత్త ఒకావిడ వెంటనే రాసింది: "చీర మంచిగుంది వదినా, ఎప్పటిది?" కింద ఒక నమస్కారం బొమ్మ. అక్కకు ఆ బొమ్మతోనే ఎక్కువ కాలింది.

కోడలి బీరువాలోంచి చీర తీసి, నన్ను సాక్షిగా వెంటబెట్టుకొని, క్లాక్ టవర్ దగ్గరి స్టూడియోకు బయలుదేరింది.

"అక్కా, అది లాగ్ ఫుటేజ్" అన్నాడు పిల్లగాడు. మెరుపులోనూ నీడలోనూ ఉన్న వివరం పోకుండా కెమెరా వెలుగునంతా అణిచి దాచుకునే పద్ధతి అది. చూస్తే వెలవెలబోతుంది. తర్వాత టీవీలకు సరిపోయే రెక్ 709 ప్రమాణంలోకి మారిస్తే రంగులు తిరిగొస్తాయి.

"దాచిపెట్టినోడివి గ్రూపుల ఎందుకు పెట్టినవ్ తమ్మీ?"

అసిస్టెంటు చాయ్ తెస్తానని బయటికి పోయాడు.

మార్చి చూపిస్తే చీరకు ప్రాణమొచ్చింది, ఒక కెమెరాలో. రెండో కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో, అంటే ఏది తెలుపో దానంతటదే తేల్చుకునేలా, వదిలేశారు. స్టేజీ మీద రంగులు మారే ఎల్ఈడీ లైట్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పంతులుగారు ఒక షాట్‌లో పసుపు, పక్క షాట్‌లో నీలం. చీర కాసేపు వంకాయ, కాసేపు బీట్‌రూట్. పీటల మీదే చీర మార్చిందనుకుంటారని అక్క భయం.

ఇలాంటి తేడాలు సర్దడానికే 24 రంగు గడుల అట్ట ఒకటి ఉంటుంది. ఆ గడుల అసలు విలువలు ముందే తెలుసు కాబట్టి, రెండు కెమెరాల్లోనూ దాన్ని తీస్తే ఏ కెమెరా ఎంత తప్పిందో లెక్క తేలుతుంది. ఆ అట్ట పెళ్లికి తెచ్చారు కూడా. హోమం పొగకు తట్టుకోలేక పంతులుగారు దాంతోనే విసురుకున్నారు. ఫుటేజ్ అంతా వెతికితే, ముహూర్తం మించిపోతోందని గడియారం చూస్తూ ఆయన చెయ్యి ఆపిన క్షణం దొరికింది. గడులన్నీ స్పష్టంగా, రెండు కెమెరాల్లోనూ! పిల్లగాడు స్క్రీన్‌కు దండం పెట్టాడు.

దాని ఆధారంగా మిగతా షాట్లు ఒక్కొక్కటే సర్దితే రెండూ కలిశాయి. అక్క చీర తీసి మానిటర్ పక్కన పెట్టింది. మళ్లీ తేడా. ఇప్పుడు తప్పు మానిటర్‌దట. మౌస్ సైజు పరికరం ఒకటి తెరకు ఆనించాడు. తెర మీద రంగులు ఒక్కొక్కటే వస్తుంటే అది కొలుస్తుంది, ఎంత తప్పుందో సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌గా, అంటే సవరణ లెక్కగా, రాస్తుంది. తెలుపు పగటి వెలుగు లాంటి తెలుపుకు, అంటే 6500 కెల్విన్ దగ్గరికి రావాలి.

"దానికంటె ముందు మానిటర్ అరగంట వేడెక్కాలె అక్కా."

"నేను పొద్దుట్నించి వేడి మీదనే ఉన్న. కానియ్యి."

చివరికి తెర మీద చీర, చేతిలో చీర ఒకటయ్యాయి. ఇంట్లో మా బావ టీవీ రంగులు ముదురు చేసి చూపే వివిడ్ మోడ్‌లో ఉంటుంది, అందులో అది మళ్లీ ఊదా అవుతుందని నాకు తెలుసు. క్రికెట్‌లో గడ్డి పచ్చగా కనబడాలని ఆయన పట్టు. అప్పటికే చీకటి పడింది, నేను నోరెత్తలేదు.

"చీర సరే గని, మావోన్ని జర తెల్లగ చెయ్యి" అంది అక్క.

పిల్లగాడు వెక్టర్‌స్కోప్ తెరిచాడు, ఏ రంగు, ఎంత గాఢమో చూపే గుండ్రటి పటం అది. తెలుపైనా నలుపైనా మనిషి చర్మం దాదాపు ఒకే గీత మీదికి వస్తుందని, తేడా వెలుగులోనేనని చూపించాడు. అక్క కళ్లద్దాలు పెట్టుకొని ఆ గీతను చాలాసేపు చూసింది.

"అంటె మేము, నల్లగొండోళ్లు ఒకటే గీతనా?"

"అవునక్కా."

"అయితే మావోన్ని ఒక పిసరు మీదికి పెట్టు."