సరస్సు దానంతటదే ఎండలేదు

కాలిఫోర్నియాలోని కోర్కొరాన్ ఊరు రైలుతో, పత్తితో ఎలా ఎదిగిందో మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ పక్కనున్న టులేర్ సరస్సు ‘ఎండిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధనిపించింది. కింగ్స్, కవీయా, టూలే, కెర్న్ నదుల నీళ్లు మళ్లించి, కట్టలు పోసి, అక్కడి ఆదివాసులైన యోకుట్ జనం తుంగ పడవల్లో చేపలు పట్టిన చోటే పొలాలు చేశారు. 2023లో భారీ వానలు పడి, కొండల మంచు కరిగి సరస్సు మళ్లీ వచ్చేసింది. బోర్లు తోడీ తోడీ అప్పటికే నేల కుంగిపోయింది, దాంతో ఊరిని కాపాడే కట్ట ఎత్తు హడావిడిగా పెంచాల్సి వచ్చింది.

1933 పత్తి కూలీల సమ్మె ఊసే లేదేంటండీ? వంద పౌండ్ల పత్తి ఏరితే 60 సెంట్లిస్తామని పొలాల యజమానులంటే, డాలర్ కావాలని ఈ ఊరి పక్కనే వేలమంది డేరాలేసుకున్నారు. చివరికి దక్కింది 75 సెంట్లు. దయచేసి వాళ్ల గురించీ రాయండి.